తేదీలమ్మ సగం మాత్ర

మా వదిన కొట్టులోకి కొత్తగా వచ్చిన ఏ ఆడమనిషికైనా ముందు ఎదురయ్యేది టేపు కాదు, ప్రశ్న. మనిషిని తెర వెనక్కి తీసుకెళ్లి, ఎగాదిగా చూసి, "తేదీ ఎప్పుడొచ్చింది?" అని అడుగుతుంది. తేదీ అంటే నెలసరి. ఆ మాటకి కొందరి మొహం కందగడ్డ అవుతుంది. కొందరు నేల చూపులు చూస్తారు. ఒక లాయరమ్మ మాత్రం "అది నా సొంత విషయం" అని వాదనకు దిగింది. "రొమ్ములూ నీ సొంతమే కదమ్మా, వాటికి కుట్టిపెట్టమని నా దగ్గరికి రాలేదూ?" అంది వదిన. లాయరమ్మ కేసు ఓడిపోయి తేదీ చెప్పింది.

తేదీ చెప్పాక వదిన మనసులో ఏదో లెక్క వేసుకుంటుంది. తేదీ దగ్గర పడిన మనిషైతే టేపు మెడలోంచి తియ్యనే తియ్యదు. "వచ్చి తగ్గాక రా. ఇవాళ కొలిస్తే నేను కుట్టేది నీకు కాదు, నీ ఒంట్లో పట్టిన నీటికి" అని పంపించేస్తుంది. వచ్చిన బేరాన్ని తలుపు దాకా దిగబెట్టే కొట్టు మా వీధి మొత్తం మీద మాదొక్కటే. అందుకే జనం ఆమెకు తేదీలమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమె చెవిన పడని రోజు లేదు, కోపం తెచ్చుకున్న రోజూ లేదు. ముక్కు మీద ఉండే ఆ కోపమంతా నా కోసం దాచుకుంటుంది.

నేను ఆమెకు ఆడపడుచుని. పెళ్లి చేసుకోలేదు, ఆ కథ వేరు. లిఫ్టులు బాగుచేసే మా అన్నయ్య, వదిన, నేను, ముగ్గురం కొట్టు మీది రెండు గదుల్లో ఉంటాం. కింద కొట్టులో నేను బట్ట కత్తిరిస్తాను, ఆమె కుడుతుంది. బజారులో రెడీమేడ్ బ్రాలు గుట్టలుగా దొరుకుతున్నా మా దగ్గరికి వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చేవాళ్లు, ఒక పక్క పెద్దదీ ఒక పక్క చిన్నదీ ఉన్నవాళ్లు, వయసు మీదపడి ఒళ్లు జారినవాళ్లు. కంపెనీవాళ్లు కొలతలు వేసేటప్పుడు వీళ్లంతా ఎక్కడికో వెళ్లి ఉంటారని వదిన అంటుంది.

ఈ తేదీల గొడవ ఆమె ఏ చదువులోనూ నేర్చుకోలేదు, తిట్లు తిని నేర్చుకుంది. కొట్టు పెట్టిన కొత్తలో ఒకావిడకి చక్కగా సరిపడేలా కుట్టి ఇచ్చింది. వారం తిరక్కుండా ఆవిడ "వదులు" అని తెచ్చి పడేసింది. బిగించి ఇస్తే ఇంకొన్నాళ్లకి "ఊపిరాడట్లేదు" అని మళ్లీ తెచ్చింది. తప్పు సూదిదా కత్తెరదా అని మేమిద్దరం కొట్టుకు చస్తుంటే, అప్పుడే వచ్చిన ఒక నర్సమ్మ నవ్వి అసలు సంగతి చెప్పింది. నెల మొదటి సగంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌ది పెత్తనం, అది పాలనాళాలను పెంచుతుంది. రెండో సగంలో ప్రొజెస్టిరాన్ అనే ఇంకొకటి వచ్చి చేరి పాలగ్రంథుల్ని ఉబ్బిస్తుంది, నీరు పట్టిస్తుంది. కడుపు రాలేదని తేలాక రెండూ మూటాముల్లె సర్దుకుంటాయి, నెలసరి వస్తుంది, ఉబ్బు దిగిపోతుంది. అంటే నెలనెలా ఒళ్లు ఎవరో చుట్టం వస్తున్నారని ఇల్లంతా సర్దడం, రాకపోయేసరికి ఎక్కడివక్కడ పెట్టెయ్యడం. వదినకి ఆ మాట నచ్చింది. నచ్చిందంటే ఇక పట్టిన పట్టు విడవదు. ఆ రోజు నుంచి ఆమెకు లోకంలో ఏ ఉబ్బుకైనా, ఏ నొప్పికైనా, ఏ గడ్డకైనా ఒకటే జవాబు, "తేదీ రానీ, అదే పోతుంది."

చాలామంది విషయంలో అది నిజమే అయింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

కొత్త నమూనా ఏది తయారైనా వదిన ముందు తానే వేసుకుని చూస్తుంది. తన మీద కుదరని కప్పు ఇంకెవరి మీదా కుదరదని ఆమెకు గొప్ప నమ్మకం. ఒకసారి అలాగే కొత్తది వేసుకుని అద్దం ముందు నిలబడి, "ఇదేం కత్తిరింపు? ఎడమ పక్క కింద ముడత పడింది చూడు" అంది. నేను చూశాను, ముడత ఉంది. "కత్తిరింపు బాగానే ఉంది, నువ్వే బట్ట లాగి కుట్టావు" అన్నాను. ఆమె విప్పి మళ్లీ కుట్టింది. ముడత పోలేదు. నేను కోపంగా కొత్త బట్ట తీసి మళ్లీ కత్తిరించాను. ముడత అక్కడే ఉంది. అన్నాల దగ్గర కూడా అదే పోట్లాట. పాపం అన్నయ్య మధ్యలో తలదూర్చి "పోనీ వేరే రంగు బట్టతో చూడరాదూ" అన్నాడు. ఆ ఒక్క క్షణం నేనూ వదినా ఏకమై ఆయన్ని చీల్చి చెండాడాం.

మూడోసారి నేను పంతం పట్టి, ఊపిరి బిగబట్టి కత్తిరించాను. వదిన వేసుకుంది. ముడత పడింది. పిన్నులు పెట్టి ఎక్కడ లాగుతోందో తేల్చేద్దామని కప్పు అంచు పట్టుకుని కాస్త ఎత్తాను. బట్ట నా చేతిలో ఉంది. ముడత అక్కడే ఉంది.

అది చర్మం మీది ముడత. లోపల్నుంచి ఎవరో దారం కట్టి లాగినట్టు ఆ చోట చర్మం లోపలికి పోయి ఉంది. వేలు పెట్టి చూస్తే అడుగున గట్టిగా, కదలకుండా ఏదో తగిలింది.

"వదినా, ఇదేంటి?"

"ఓ, అదా," అంది నిమ్మకు నీరెత్తినట్టు. "నాకు తెలుసు. తేదీ ముందు అలాంటివి మామూలే. తేదీ రానీ, అదే పోతుంది."

"తేదీ ఎప్పుడొచ్చింది?"

ఆమె నోరు తెరిచింది. ఊళ్లో ఆడవాళ్లందరి తేదీలూ ఏకరువు పెట్టగల మనిషి, గోడ మీది క్యాలెండర్ వంక చూసి నీళ్లు నమిలింది. "ఎండలు మొదలవక ముందు వచ్చింది" అంది చివరికి.

బయట వాన పడుతోంది.

ఆమె వయసుకి నెలలు తప్పడంలో వింతేం లేదు. ఆ సంగతీ ఆమెకు తెలుసు. నెలసరి ఆగిపోయే కాలం దగ్గరపడ్డ ఆడవాళ్లకి కొలతల విషయంలో ఏం చెప్పాలో గంట సేపు చెప్పగలదు. కానీ తన మటుకు తాను రాని తేదీ కోసం ఎదురు చూస్తూ కూర్చుంది. తేదీ వచ్చి తగ్గాకే చూసుకోవాలని ఆమె నియమం. ఇంకెవరైనా అయితే భయంతో ఆగేవాళ్లేమో, ఈమె పద్ధతి ప్రకారం ఆగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కొట్టు మూసేసి, "రేపు ఆస్పత్రిలో కొలిపించుకోవాల్సింది నువ్వు" అని కేకలేసి, అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆయన ఎవరి లిఫ్టునో సగంలో వదిలేసి వచ్చేశాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నది. రొమ్ముకి తీసే ఎక్స్‌రే తీయించింది, సూది పెట్టి ముక్క తీయించింది. ఆమె అటు తిరగ్గానే వదిన నా చెవిలో, "ఆ పిల్ల వేసుకున్నది తప్పు సైజు" అంది. అన్నయ్య చేతిలోని కాగితాలు మూడోసారి లెక్కపెడుతుంటే ఈవిడ గారికి సైజులు కావాలి. ఒకటి గిల్లాను.

రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ క్యాన్సర్ అన్న మాట దాచకుండా చెప్పింది. తర్వాత వదిన వంకే చూస్తూ, "మీ గడ్డ కణాల్లో ఈస్ట్రోజెన్‌ని పట్టుకునే చోట్లు చాలా ఉన్నాయమ్మా. ఆరోగ్యంగా ఉన్న కణాల్లో కూడా కొన్నిట్లో ఉంటాయవి. హార్మోన్ వచ్చి అక్కడ కూర్చుని పెరగమంటే మంచి కణాలు పెరుగుతాయి, హార్మోన్ తగ్గితే ఆగుతాయి. ఈ జబ్బు కణాలకి పెరగమన్న మాట ఒక్కటే వినిపిస్తుంది, ఇక చాలన్న మాట వినిపించదు" అంది.

"మా ఆడపడుచులాగా" అంది వదిన.

డాక్టరమ్మకి నవ్వాలో వద్దో తెలియలేదు. నేను మాత్రం నవ్వాను, నవ్వుతూనే ఏడుపొచ్చి కిటికీ వైపు తిరిగాను.

గడ్డ మటుకే తీసి రొమ్ము మిగిల్చే వీలు చాలామందికి ఉంటుందట. వదినకి ఆ వీలు లేకపోయింది. ఎడమది మొత్తం తీసేశారు. మిగతా వైద్యమంతా అయ్యాక డాక్టరమ్మ ఒక మాత్ర రాసింది, రోజుకొకటి, కనీసం అయిదేళ్లు. "ఇది ఈస్ట్రోజెన్‌ని రాకుండా ఆపదు. అది కూర్చునే సీట్లో ముందే వెళ్లి కర్చీఫ్ వేసేస్తుంది. ఆవిడ వస్తుంది, చోటు లేదని చూసి వెళ్లిపోతుంది" అంది. వదినకి ఆ పోలిక కూడా నచ్చింది. ఇంటికొచ్చే దారిలో బస్సులో నిలబడే, "బాగా చెప్పింది పిల్ల. మంచి సైజు ఒకటి కుట్టిపెట్టాలి" అంది.

లేనివైపు కోసం ఆమె తానే ఒక సంచీ కుట్టుకుంది. అందులో దూది పెడితే తేలిపోతోందని, బరువు కోసం ఏవో సన్నటి గింజలు కడిగి ఆరబెట్టి పోసింది. రెండు వైపులా సరితూగాలని వంటింటి త్రాసు తెచ్చుకుంది. త్రాసులో ఒక పక్క సంచీ పెట్టి, రెండో పక్క ఏం పెట్టాలో తెలియక నిలబడిపోయిన ఆమెను చూసి నేను పడీపడీ నవ్వాను. ఆమె ఆ త్రాసు నా మీదికి విసిరినంత పని చేసింది.

అసలు కష్టం మాత్రతో మొదలైంది. మామూలుగా కూర్చున్న మనిషికి ఉన్నట్టుండి ఛాతీ నుంచి మొహం దాకా సెగ ఎక్కేది. జుట్టు మొదళ్లు తడిసిపోయేవి. చెమట ముక్కు చివర దాకా జారి కుట్టేబట్ట మీద పడేది. మామూలు బట్టైతే ఫరవాలేదు, తెల్ల శాటిన్ మీద ఒక్క చుక్క పడితే మచ్చ ఉండిపోతుంది. అలా రెండు మూడు పాడయ్యాయి. కొత్త శాటిన్ తెచ్చి మళ్లీ కత్తిరించాను. ఆమె నాతో పోట్లాడలేదు. ఆమె పోట్లాడకపోతే నాకు భయం. ఆ కొట్టులో ఆమె సూది తప్పింది అని ఇంతవరకు ఎవరూ అనలేదు మరి, నేను తప్ప.

కొన్నాళ్లకి చెమటలు తగ్గాయంది. పని మునుపటిలా సాగింది. పోట్లాటలు మునుపటిలా సాగాయి. అన్నట్టే డాక్టరమ్మకి ఒకటి కుట్టి పంపింది కూడా. మాకు కాస్త ఊపిరొచ్చింది.

ఒకరోజు కొక్కేలు అయిపోయి డబ్బాలన్నీ వెతుకుతుంటే ఒక పాత బొత్తాల డబ్బా దొరికింది. మూత తీశాను. బొత్తాలు లేవు. నిండా సగం సగం కోసిన మాత్రలు. వంకరటింకరగా కోసి ఉన్నాయి. కత్తెర పని ఆమెకు ఎప్పుడు వచ్చింది గనక!

డబ్బా తెచ్చి ఆమె మిషన్ మీద దబ్బున పెట్టాను. అన్నయ్య అప్పుడే భోజనానికి వచ్చాడు.

"ఏంటిది?"

వదిన తొణకలేదు. "ఆ మాత్ర రెండున్నవాళ్లకి కదా రాసేది. నాకున్నది ఒకటి. సగం బట్టకి ఎవరైనా మొత్తం ఉండ దారం వాడతారా? సగం చాలు, మిగతా సగం మీకు అనుమానం రాకుండా ఇందులో పడేస్తున్నా. సగం వేసుకున్నప్పట్నుంచి చెమటలూ తగ్గాయి."

అన్నయ్యకి ఆ లెక్క సబబుగానే తోచినట్టుంది, తల ఊపాడు. నేను ఆయన వంక ఒక చూపు చూశాను. ఊపడం ఆపేశాడు.

"నీకు మతి పోయిందా వదినా? ఆ డాక్టరమ్మ అంత చదివి రాసిస్తే, నువ్వు కొలతలు తీసి చిన్నది చేస్తావా?"

"చిన్నది చెయ్యడం నా వృత్తి."

మిషన్ చక్రం మీంచి ఆమె చేయి లాగి, ఆమెను డబ్బాతో సహా బస్సెక్కించాను. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, నేను ఆమెను తిడుతూ కూర్చున్నాను. వెనక సీటావిడ పాపం మధ్యలో దిగిపోయింది.

డాక్టరమ్మ డబ్బా మూత తీసి చూసి, గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి, తిట్టకుండా అడిగింది. "అమ్మా, ఈ మాత్ర మీరు ఎవరి కోసం వేసుకుంటున్నారు?"

"మిగిలినదాని కోసం."

"దానికీ మంచిదే. కానీ ముఖ్యంగా దాని కోసం కాదు. తీసేసినదాంట్లోంచి ఎప్పుడో ఒకటో రెండో కణాలు తప్పించుకుని నెత్తుట్లో పడి ఉండొచ్చు. ఎముకలోనో, కాలేయంలోనో, ఊపిరితిత్తిలోనో నక్కి ఉండొచ్చు. ఏ పరీక్షలోనూ కనిపించనంత చిన్నవి. ఉన్నాయో లేదో నాకూ తెలీదు. ఉంటే మాత్రం ఈస్ట్రోజెన్ కోసం చూస్తుంటాయి. మీకు నెలసరి సరిగ్గా రాకపోయినా అది ఒంట్లో తయారవుతూనే ఉంటుంది. ఈ మాత్ర ఒళ్లంతా తిరిగి అన్ని సీట్లలోనూ కర్చీఫ్ వెయ్యాలి. మీరు సగం సీట్లు వదిలేస్తున్నారు."

వదిన డబ్బా మూత మళ్లీ పెట్టేసింది.

"చెమటలు భరించలేకపోతే నాకు చెప్పండి, దానికి వేరే మందులున్నాయి, చూద్దాం. నాకు చెప్పకుండా మాత్రం కొయ్యకండి" అంది డాక్టరమ్మ. లేచేటప్పుడు కాస్త సిగ్గుపడుతూ, "మీరు కుట్టింది చాలా బావుంది" అని కూడా అంది. మామూలుగా అయితే ఆ మాటకి వదిన మెడ కొలత రెండంగుళాలు పెరిగేది. ఆ రోజు విన్నట్టే లేదు.

మేం కొట్టుకి తిరిగొచ్చేసరికి అన్నయ్య పనికి వెళ్లిపోయాడు. ఆమె మిషన్ ముందు కూర్చుంది, కుట్టడం లేదు. నేను బల్ల మీద బట్ట పరిచాను, కత్తిరించడం లేదు. ఆమే మొదలుపెట్టింది.

"లెక్క తప్పని నాకు తెలుసు."

"ఏంటీ?"

"సగానికి సగం అని మీకు చెప్పాను గానీ, అంత తెలివితక్కువదాన్నా? చెమటలు కూడా వంకే. మొత్తం మాత్ర మింగితే జబ్బు ఒళ్లంతా ఉందని ఒప్పుకున్నట్టు ఉండేది. సగం అయితే ఆ పక్క ఒక్కటే, అదీ తీసేశారు, అయిపోయింది అనిపించేది. రోజూ పొద్దున్నే ఒక్క పూట అలా అనిపిస్తే చాలనుకున్నాను."

నేను ఏడ్చేశాను. "నువ్వు పోతే నేను బతకలేను వదినా" అన్నాను. ఎప్పుడూ అనని మాట. అన్నయ్యతో కూడా అనను. "నువ్వు సగం సగం బతుకుతానంటే నేను ఒప్పుకోను. నువ్వు మొత్తం ఉండాలి."

"ఏడవకు, బట్ట మీద పడుతుంది" అంది. తర్వాత చేతిసంచీలోంచి కొత్త మాత్రల షీటు తీసి, ఒక మాత్ర నొక్కి, నీళ్లు పోసుకుని మింగింది. నేను నమ్మనని తెలుసు గనక నోరు తెరిచి, నాలుక ఎత్తి మరీ చూపించింది. అప్పట్నుంచి ప్రతి పొద్దునా అదే తంతు. నేను చూస్తాను, అన్నయ్య చూస్తాడు, ఆమె నోరు మూసుకోగానే తిడుతుంది.

సెగలు మళ్లీ మొదలయ్యాయి. డాక్టరమ్మ ఇంకో మందు చేర్చాక కొంత నయం, పూర్తిగా పోలేదు. మొన్న తెల్ల శాటిన్ పని ఉంది, పొద్దు వాలేలోగా ఇవ్వాలి. వదిన సగం కప్పు కుట్టేసరికి మొహం ఎర్రబడింది, నుదుటి మీద చెమట పట్టింది. ఇంకో క్షణమైతే జారుతుంది. ఆమె సూది కింది నుంచి బట్ట తీసింది. లేచి నిలబడింది. మోచేత్తో మొహం తుడుచుకుంటూ తన కుర్చీ నా వైపు తోసింది.

నేను ఇన్నేళ్లుగా ఆమె పక్కనే పనిచేస్తున్నాను. ఆ మిషన్ మీద నన్ను ఒక్కసారి కూడా కూర్చోనివ్వలేదు. తాను జ్వరంతో పడుకున్న రోజుల్లో కూడా దాని మీద గుడ్డ కప్పేసి వెళ్లేది.

"నేనా?" అన్నాను.

"మరి ఎవరు? నాకు ఇంకా నాలుగేళ్ల పైమాట ఈ చెమటలతోనే సరిపోతుంది. నేర్చుకో. వంకరగా కుట్టావంటే విప్పి మళ్లీ కుట్టిస్తాను."

కూర్చున్నాను. వంకరగానే కుట్టాను. ఆమె తడి జుట్టు ఎత్తి ముడేసుకుంటూ నా భుజం మీంచి వంగి చూసి, "విప్పు" అంది.